పండ్ల పెట్టె మీద క్యూఆర్ కోడ్: అచ్చు వేయించే ముందు తెలుసుకోవలసిన సంగతులు

వారపు సంతలో ఆకుకూరల గంప ముందు, చెరుకురసం బండి మీద, కోళ్లమ్మే సైకిల్ హ్యాండిల్‌కు కూడా ఇప్పుడు నల్లగళ్ల చీటీ వేలాడుతోంది. కొనేవాళ్లు దానికి ఫోన్ చూపిస్తారు, డబ్బులు ఖాతాలో పడతాయి. మన రైతుల్లో చాలామందికి క్యూఆర్ కోడ్‌తో ఉన్న పరిచయం ఇంతవరకే. నిజానికి డబ్బు తీసుకోవటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. ఎకరమో రెండెకరాలో మామిడి, జామ, బత్తాయి ఉండి, తోటను గుత్తకు ఇవ్వకుండా కొంత కాయనైనా తామే పెట్టెల్లో సర్ది పట్నంలో ఇళ్లకు అమ్ముకోవాలనుకునే వారికి ఈ చీటీ ఇంకా చాలా పనులు చేసిపెడుతుంది. సరిగ్గా పెట్టకపోతే అచ్చు వేయించిన డబ్బులు దండగ. ఏమరుపాటుగా ఉంటే ఖాతాలో డబ్బులే పోతాయి. అందుకే కాస్త వివరంగా చెప్పుకుందాం.

ఏమిటీ గళ్ల చీటీ?

సబ్బుబిళ్ల కవరు మీద నిలువు గీతలుంటాయి, చూసే ఉంటారు. అది బార్‌కోడ్. అందులో పట్టేది పది, పన్నెండు, మహా అయితే ఇరవై అంకెలు. జపాన్‌లో కార్ల విడిభాగాలు తయారుచేసే డెన్సో కంపెనీలో ఇది చాలక, మసహిరో హారా అనే ఇంజినీరు బృందం 1994లో ఈ చదరపు కోడ్‌ను తయారుచేసింది. నలుపు, తెలుపు బిళ్లలతో ఆడే 'గో' అనే ఆట పలకను చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందట. పేటెంటు ఉన్నా కంపెనీ దాన్ని అడ్డుపెట్టకుండా అందర్నీ వాడుకోనిచ్చింది. లోకమంతా పాకిందంటే కారణం అదే.

చీటీలో మూడు మూలల్లో మూడు పెద్ద చదరాలు కనిపిస్తాయి. చీటీ తలకిందులుగా ఉన్నా, పక్కకు తిరిగి ఉన్నా ఫోన్ గుర్తుపట్టేది వాటిని బట్టే. మిగిలిన చిన్నచిన్న గళ్లలో అసలు సమాచారం ఉంటుంది. అతి పెద్ద కోడ్‌లో అంకెలైతే 7,089 దాకా పడతాయి. ఇంకో మంచి గుణం ఉంది. కోడ్ తయారుచేసేటప్పుడు ఎంచుకున్న స్థాయిని బట్టి 7 నుంచి 30 శాతం వరకు చెరిగినా, మరక పడినా చదవవచ్చు. తోటల్లో, లారీల్లో తిరిగే పెట్టెలకు ఈ గుణం బాగా పనికొస్తుంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. కోడ్ అంటే రాత, అంతే. కంటితో చదవలేం గనుక అందులో ఏం రాసి ఉందో మనకు తెలియదు. మోసాలన్నీ అక్కడే మొదలవుతున్నాయి. ఆ సంగతి కాసేపటికి చూద్దాం.

ముందు డబ్బులు తీసుకునే కోడ్

యూపీఐ మన దేశంలో 2016లో వచ్చింది. ఇవాళ పట్నంలో పండ్లు కొనేవాళ్లలో చిల్లర నోట్లు జేబులో పెట్టుకునేవాళ్లు తక్కువ. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐ ద్వారా డబ్బు తీసుకుంటే అమ్మినవాళ్ల దగ్గర ఛార్జీ ఏమీ పట్టుకోరు. డబ్బు పడగానే పైకి చెప్పే సౌండ్‌బాక్సు కావాలంటే మాత్రం నెలనెలా అద్దె కట్టాలి. సంతలో రోజూ కూర్చునేవాళ్లకు అది లాభమే. సీజన్‌లో నెలన్నర మాత్రమే అమ్మే మామిడి రైతుకు అక్కర్లేదు.

ఏ ఖాతాకు కోడ్ పెట్టాలన్నది ఆలోచించాల్సిన విషయం. పంట రుణం, పీఎం కిసాన్ డబ్బులు, బంగారం కుదువ డబ్బులు అన్నీ ఒకే ఖాతాలో తిరుగుతుంటాయి చాలామందికి. అమ్మకాలకు వేరే ఖాతా పెట్టుకోండి. లెక్క తేటగా ఉంటుంది. ఏదైనా మోసం జరిగినా పోయేది ఆ ఖాతాలో ఉన్నంతే. పాత జన్‌ధన్ ఖాతా ఉంది కదా అని దానికే పెట్టేవాళ్లు ఒకసారి బ్యాంకులో అడిగి చూసుకోవాలి. కేవైసీ పూర్తికాని చిన్న ఖాతా అయితే ఏడాదికి మొత్తం జమలు లక్ష రూపాయలు దాటకూడదు, ఏ సమయంలోనూ నిల్వ 50 వేలు దాటకూడదు. సీజన్ మధ్యలో జమలు ఆగిపోతే చాలా ఇబ్బంది.

ఆడవాళ్లకు ఇంకో సంగతి. చాలా యాప్‌లు మన ఫోన్ నంబరునే యూపీఐ ఐడీగా ఇస్తాయి. చీటీ కింద ఆ నంబరు అందరికీ కనిపిస్తుంది. వేళగాని వేళ ఫోన్లు రాకూడదనుకుంటే, నంబరు కాకుండా పేరుతో ఐడీ పెట్టుకుని కొత్త కోడ్ అచ్చు వేయించుకోవచ్చు.

మోసం ఎక్కడ జరుగుతుంది?

సీజన్‌లో ఫోన్ వస్తుంది. "నేను మిలిటరీ క్యాంపు నుంచి మాట్లాడుతున్నాను, 50 పెట్టెలు కావాలి, అడ్వాన్సు పంపుతున్నాను" అంటాడు. మాట మర్యాదగానే ఉంటుంది. వాట్సాప్‌లో ఒక కోడ్ పంపి "దీన్ని స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీకు డబ్బులు పడతాయి" అంటాడు. కొట్టారా, మీ ఖాతాలోంచి వాడికి పోతాయి. డబ్బు తీసుకోవటానికి స్కాన్ చేయాల్సిన పని లేదు, పిన్ కొట్టాల్సిన పని అంతకన్నా లేదు. పిన్ అనేది డబ్బు పంపటానికే. ఇంట్లో ఫోన్ పట్టుకునే పిల్లలకూ, పెద్దవాళ్లకూ ఈ మాట పదిసార్లు చెప్పండి.

రెండోది, మీ కోడ్ మీద ఇంకొకడి కోడ్ అతికించటం. సంతలో రాత్రిపూట బోర్డు వదిలి వచ్చేవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. పొద్దున అంగడి తెరవగానే మీ కోడ్‌ను ఇంకో ఫోన్‌తో స్కాన్ చేసి, తెర మీద మీ పేరే వస్తోందా లేదా చూసుకోండి. అర నిమిషం పని.

మూడోది దొంగ స్క్రీన్‌షాట్. పచ్చ టిక్కు చూపించి పెట్టె పట్టుకుపోతాడు. అలాంటి బొమ్మ చూపించే నకిలీ యాప్‌లు కూడా ఉన్నాయి. ఎదుటివాడి ఫోన్ చూసి నమ్మవద్దు. మీ యాప్‌లో జమ కనిపించాలి, లేదా సౌండ్‌బాక్సు పలకాలి. "సర్వర్ బిజీ అక్కా, పది నిమిషాల్లో పడతాయి" అంటే, పడ్డాకే పెట్టె ఇవ్వండి. మొహమాటం పనికిరాదు.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. రేపు పొద్దున బ్యాంకుకు వెళ్దాంలే అనుకుంటే డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

ఇక పెట్టె సంగతి

బంగినపల్లి కాయ పెట్టెలో సర్ది హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఒక ఇంటికి పంపారనుకోండి. కాయ బాగుంది. ఆ ఇంటివాళ్లు తిన్నారు, పక్కింటికీ రెండు ఇచ్చారు. పక్కింటావిడకు కూడా కావాలి. ఎవర్ని అడగాలి? పెట్టె మీద మీ పేరు లేదు, నంబరు లేదు. వచ్చే ఏడాదికి ఆ మొదటివాళ్లు కూడా మిమ్మల్ని మర్చిపోతారు. కోడ్ అవసరం ఇక్కడుంది. కోడ్ పెట్టినంత మాత్రాన కొత్తవాళ్లు పరిగెత్తుకు రారు. ఒకసారి కాయ తిని బాగుందన్నవాళ్లకు మీ దగ్గరికి దారి చూపించటం వరకే దాని పని. కాయ బాగాలేకపోతే మాత్రం తిట్టేవాళ్లకు కూడా అదే దారి చూపిస్తుంది.

పెట్టె మీద పెట్టాల్సింది డబ్బుల కోడ్ కాదు. తెలియనివాళ్లు స్కాన్ చేస్తే నేరుగా "ఎంత పంపాలి" అని వస్తే బెదిరిపోతారు. వాట్సాప్‌లో మీతో మాట కలిపే కోడ్ పెట్టాలి. దీనికి వాట్సాప్ బిజినెస్ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది. మామూలు వాట్సాప్ లాగే ఉంటుంది. అందులో తోట పేరు, ఊరు, మ్యాపులో తోట ఉన్న చోటు పెట్టవచ్చు. కేటలాగు అనే చోట ఒక్కో రకం ఫొటో, ధర, పెట్టె బరువు పెట్టుకుంటే, అడిగిన ప్రతివాళ్లకూ ఫొటోలు పంపే బాధ తప్పుతుంది. బిజినెస్ టూల్స్‌లో 'షార్ట్ లింక్' అనే దగ్గర మీ కోడ్ తయారుగా ఉంటుంది. దాన్ని స్కాన్ చేసినవాళ్లకు మీతో వాట్సాప్ సంభాషణ తెరుచుకుంటుంది. "మీ పెట్టె అందింది, ఇంకో రెండు కావాలి" అన్నట్టు ముందే రాసి పెట్టిన మాట కూడా వచ్చేటట్టు చేయవచ్చు, వాళ్లు పంపే మీట నొక్కితే చాలు. ఆ పక్కనే కోడ్‌ను రీసెట్ చేసే అవకాశం కూడా ఉంటుంది. పెట్టెలు బయటికి వెళ్లాక దాని జోలికి వెళ్లవద్దు. రీసెట్ చేస్తే పాత కోడ్ పని చేయదు.

సీజన్ నంబరని ఒక సిమ్ వేరుగా కొని, పంట అయిపోగానే డబ్బాలో పడేసేవాళ్లున్నారు. 90 రోజుల పాటు ఏ వాడకమూ లేకపోతే సిమ్ నిలిపివేసి, ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చే అవకాశముంది. అప్పుడు మీ పెట్టెల మీది కోడ్ పరాయివాళ్ల ఫోన్‌కు దారి చూపిస్తుంది. కోడ్ పెట్టిన నంబరును ఏడాదంతా బతికించుకోవాలి.

'ఉచిత' కోడ్‌లతో జాగ్రత్త

ఈ సంగతి తెలియక పెట్టెలు పాడు చేసుకునే ప్రమాదం ఉంది, కొంచెం ఓపికగా చదవండి. కోడ్‌లు రెండు రకాలు. మొదటి రకంలో మీరిచ్చిన చిరునామా నేరుగా గళ్లలోనే ఉంటుంది. దీన్ని స్టాటిక్ కోడ్ అంటారు. ఒకసారి తయారైతే దానికి గడువు లేదు, ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు. రెండో రకంలో గళ్లలో ఉండేది మీ చిరునామా కాదు, కోడ్ తయారుచేసిన కంపెనీ చిరునామా. స్కాన్ చేసినవాళ్లు ముందు ఆ కంపెనీ దగ్గరికి వెళ్తారు, అది మీ దగ్గరికి పంపుతుంది. ఇది డైనమిక్ కోడ్. ఎంతమంది స్కాన్ చేశారో లెక్క చెబుతుంది, చిరునామా మార్చుకోవచ్చు, అచ్చు మార్చనక్కర్లేదు. సదుపాయమే. కానీ ఆ కంపెనీకి నెలకో, ఏడాదికో చందా కట్టాలి. ఇంటర్నెట్‌లో 'ఉచిత క్యూఆర్ కోడ్' అని వెతికితే వచ్చే సైట్లలో కొన్ని కొద్ది రోజులు ఊరికే ఇచ్చి, ఆ తరవాత చందా కట్టమంటాయి. కట్టకపోతే కోడ్ చచ్చిపోతుంది. అప్పటికి మీరు 300 పెట్టెల మీద అచ్చు వేయించి ఉంటారు.

రకం తెలుసుకోవటం తేలిక. తయారైన కోడ్‌ను మీ ఫోన్ కెమెరాతో చూడండి. తెరిచే ముందు తెర మీద చిరునామా కనిపిస్తుంది. అందులో వాట్సాప్ చిరునామానో, మీరిచ్చినదో ఉంటే సరే. మీకు తెలియని సైటు పేరేదో కనిపిస్తే అది డైనమిక్. చిన్న రైతుకు స్టాటిక్ కోడ్ చాలు. ఎంతమంది స్కాన్ చేశారో తెలిసి చేసేదేముంది, ఎన్ని ఆర్డర్లు వచ్చాయో మన పుస్తకంలో ఉండనే ఉంటుంది.

అచ్చు వేయించేటప్పుడు

అట్టపెట్టె గోధుమరంగు మీద నేరుగా కొట్టిస్తే సిరా పీల్చుకుని గళ్లు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి. తెల్ల స్టిక్కరు మీద నల్లటి అచ్చు మంచిది. అందంగా ఉంటుందని పసుపు మీద ఆకుపచ్చ, ఎరుపు మీద తెలుపు వేయిస్తే కొన్ని ఫోన్లు చదవవు. చుట్టూ కొంచెం తెల్ల జాగా వదలాలి, కనీసం నాలుగు గళ్ల వెడల్పు. ఎంత దూరం నుంచి చూస్తారో దానిలో పదోవంతు కొలత పెట్టుకోవాలి. చేతిలో పెట్టెకు అడుగు దూరం నుంచి 3 సెంటీమీటర్లు చాలు, 4 ఉంటే ఇంకా మేలు. రోడ్డు పక్క తోట బోర్డుకు 2 మీటర్ల నుంచి చూడాలంటే 20 సెంటీమీటర్లు కావాలి. మెరిసే ప్లాస్టిక్ పూత ఎండలో తళుక్కుమని అడ్డం పడుతుంది, మెరుపు లేని పూత అడగండి. తేనె సీసా, నెయ్యి సీసా లాంటి గుండ్రటి వాటికి కోడ్ చిన్నదిగా ఉండాలి, లేకపోతే అంచులు వంగిపోయి కెమెరాకు అందవు.

కోడ్ కింద తెలుగులో ఒక ముక్క రాయించండి: "మళ్లీ పండ్లు కావాలంటే ఫోన్‌తో స్కాన్ చేయండి". ఆ కింద ఫోన్ నంబరు కూడా. స్కాన్ రానివాళ్లు ఇంకా ఉన్నారు. ఇక పెట్టెలో ఒక చిన్న చీటీ వేయాలి. కోసిన తేదీ, రకం, ఎన్ని రోజులకు పండుతుంది, ఫ్రిజ్‌లో ఎప్పుడు పెట్టాలి అన్నవి అందులో ఉండాలి. కాయ పచ్చిగా పంపితే "పుల్లగా ఉంది" అని రెండో రోజే ఫోన్ వస్తుంది, ఈ చీటీ ఉంటే ఆ ఫోన్లు సగం తగ్గుతాయి. కార్బైడ్‌తో మాగబెట్టటం నేరం. ఇథిలీన్ గ్యాస్ గదిలో నిర్ణీత మోతాదులో మాగబెట్టటానికి అనుమతి ఉంది. ఏ పద్ధతిలో మాగించారో, గడ్డిలో వేశారో, గదిలో పెట్టారో, ఉన్నదున్నట్టు రాయండి. "ప్రకృతి వ్యవసాయం" అని, "సేంద్రియం" అని సర్టిఫికెట్ లేకుండా రాయించవద్దు.

లాభమెంత?

లెక్క కోసం ఒక ఉదాహరణ చూద్దాం, ధరలు మీ ప్రాంతాన్ని బట్టి వేసుకోండి. 5 కిలోల పెట్టె 500 రూపాయలకు అమ్మారు. ఖాళీ పెట్టె, గడ్డి, స్టిక్కరు, ఆర్టీసీ కార్గో పార్శిల్, దారిలో నలిగిన కాయకు బదులు ఇవ్వటం, అన్నిటికీ 180 పోయాయనుకుంటే 320 మిగిలింది. అంటే కిలోకు 64. అదే కాయ తోట దగ్గర కిలో 40కి పోయేదనుకుంటే తేడా 24 రూపాయలు. 100 పెట్టెలకు 12 వేలు. అయితే మచ్చలేని, సమమైన సైజు కాయే పెట్టెలో పెట్టగలం. మిగతాదంతా మామూలుగా మార్కెట్‌కు వెళ్లాల్సిందే. ఏరటానికి, సర్దటానికి, ఫోన్లు ఎత్తటానికి ఇంట్లో ఒకరు పూర్తిగా ఉండాలి. వాళ్ల కూలి ఈ లెక్కలో వేయలేదు, మీరు వేసుకోండి. తోటంతా ఇలాగే అమ్ముదామని మొదటి ఏడాదే గుత్తేదారును వదులుకోవటం తొందరపాటు. ఇరవై ముప్పై పెట్టెలతో మొదలుపెట్టి చూడాలి.

వచ్చిన నంబర్లను పేరు, ఊరు రాసి సేవ్ చేసుకోండి. వచ్చే ఏడాది కోతకు పది రోజుల ముందు బ్రాడ్‌కాస్ట్ లిస్టు ద్వారా అందరికీ ఒకేసారి కబురు పంపవచ్చు. అయితే వాళ్ల ఫోన్లో మీ నంబరు కూడా సేవ్ అయి ఉంటేనే ఆ కబురు అందుతుంది. అందుకని మొదటి ఆర్డరప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండమ్మా" అని అడగాలి. రోజూ గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపితే మాత్రం బ్లాక్ చేస్తారు.

యూపీఐలో డబ్బులు తీసుకుంటే పన్ను నోటీసు వస్తుందేమోనని భయపడేవాళ్లున్నారు. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ జమలు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపటంతో ఈ భయం పెరిగింది. సొంత భూమిలో పండించిన పంట అమ్ముకునే రైతు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కర్లేదు. వ్యవసాయ ఆదాయం మీద కేంద్ర ఆదాయపు పన్ను లేదు. కానీ పక్క తోటల కాయ కూడా కొని అమ్ముతుంటే అప్పుడు మీరు వ్యాపారి కిందికి వస్తారు, ఆ లెక్క వేరు. పట్టాదారు పాసుపుస్తకం నకలు, అమ్మకాల పుస్తకం దగ్గర ఉంచుకోండి. మామిడి తాండ్ర, ఆవకాయ, పొడులు చేసి అమ్మేవాళ్లకు ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ నంబరు లేబుల్ మీద ఉండాలి.

మనం స్కాన్ చేయాల్సినవి

అమ్మేటప్పుడే కాదు, కొనేటప్పుడు కూడా ఫోన్ తీయండి. విత్తనం ఎక్కడ తయారైంది, ఎవరు ధ్రువీకరించారు అని జాడ తీయటానికి కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 'సాథీ' అనే పోర్టల్ ప్రారంభించింది. ఆ పద్ధతిలో వచ్చే విత్తన సంచుల మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. స్కాన్ చేసినప్పుడు తెరుచుకున్న సైటు పేరు 'గవ్ డాట్ ఇన్' అని ముగుస్తోందో లేదో చూడండి. అక్కడ కనిపించే రకం పేరు, లాట్ నంబరు సంచి మీది లేబుల్‌తో కలవాలి. కలవకపోతే కొనవద్దు. దొంగ విత్తనం అమ్మేవాడికి గళ్ల చీటీ అచ్చు వేయించటం ఎంతసేపు? కోడ్ ఉంది కదా అని బిల్లు తీసుకోవటం మానవద్దు. పంట పోయినప్పుడు పరిహారం అడగటానికి పనికొచ్చేది బిల్లు, ఖాళీ సంచి, లేబుల్. ఎక్కువగా వాడే 300 రకాల మందుల బ్రాండ్లకు 2023 ఆగస్టు 1 నుంచి కోడ్ తప్పనిసరి చేశారు, ఇంట్లో పెద్దవాళ్ల బీపీ, షుగరు మాత్రలు కొనేటప్పుడు కూడా చూసుకోవచ్చు.

ఇక పెట్టెలకు ఆర్డరిచ్చే ముందు ఒక పని చేయండి. ఒక్క స్టిక్కరు మాత్రం అచ్చు వేయించి పెట్టెకు అతికించండి. చెట్టు నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి, రాత్రి ఇంట్లో బల్బు కింద ఒకసారి, కనీసం మూడు వేర్వేరు ఫోన్లతో స్కాన్ చేయించండి. వాటిలో ఒకటి పాత, చవక ఫోన్ అయి ఉండాలి. తడిచేత్తో స్టిక్కరును రుద్ది మళ్లీ చూడండి. మూడు ఫోన్లలోనూ మీ పేరుతో వాట్సాప్ తెరుచుకుంటే అప్పుడు మిగతావాటికి ప్రెస్సులో అడ్వాన్సు ఇవ్వండి.